గబ్బిలాలన్నీ ఒక్కటి కావు

ఊరి మర్రిచెట్టుకు వేలాడే గబ్బిలాన్నీ, పాడుబడ్డ గుడిలో కిచకిచలాడే గబ్బిలాన్నీ, పెంకుటింటి వాసాల సందున దూరే గబ్బిలాన్నీ మన పల్లెల్లో ఒకే పేరుతో పిలుస్తారు. పేరు ఒకటే కావడంతో ఒకటి చేసిన తప్పుకు శిక్ష అన్నింటికీ పడుతోంది. జామతోట పాడైందని గుడిలో పొగ పెడతారు. గుడి కంపు కొడుతోందని చెట్టు కొట్టిస్తారు. ఇది సరైన పద్ధతి కాదు.

ప్రపంచంలో 1,400కు పైగా గబ్బిలాల జాతులున్నాయి. మన దేశంలోనే దాదాపు 130 ఉన్నాయి. పిల్లలకు పాలిచ్చే జంతువుల్లో రెక్కలాడించి ఎగరగలిగింది ఇదొక్కటే. నిజానికి ఆ రెక్క దాని చెయ్యే. నాలుగు వేళ్లు పొడుగ్గా సాగి, వాటి మధ్య పల్చటి చర్మం పరచుకుంది. బొటనవేలు మాత్రం కొక్కెంలా విడిగా ఉంటుంది. తలకిందులుగా వేలాడినప్పుడు ఒంటి బరువుకే కాలివేళ్ల నరాలు బిగుసుకుంటాయి గనుక నిద్రలో కూడా పట్టు జారదు.

ఇక తేడాల సంగతి. చెట్లమీద ఉండే పెద్ద గబ్బిలం రెక్కలు విప్పితే నాలుగడుగులు ఉంటుంది, బరువు కిలో దాకా తూగుతుంది. ముఖం నక్కను పోలి ఉంటుంది. కళ్లతో చూసి, వాసన పట్టి పళ్లు వెతుక్కుంటుంది. గబ్బిలానికి కళ్లు కనబడవన్న మాట వట్టిది. పెంకుల సందున ఉండే చిన్నజాతి ఒకటి అయిదు గ్రాములైనా తూగదు. మన చెవికి అందని కూత వేసి, ఆ కూత తగిలి తిరిగి వచ్చే తీరునుబట్టి చీకట్లో దోమలను, పురుగులను పట్టి తింటుంది. పాత కోటల్లో ఉండే మరో జాతికి ఎలుకకున్నట్టు పొడుగాటి తోక ఉంటుంది. పాత గుళ్లలో ఉండే పెద్దచెవుల గబ్బిలం ఎలుకలను, కప్పలను, బల్లులను వేటాడుతుంది. నెత్తురు తాగే జాతులు మూడే మూడు. అవి ఉన్నది అమెరికా ఖండాల్లో. మన దేశంలో ఒక్కటీ లేదు.

పళ్లతోటల రైతుకు నష్టం జరుగుతున్న మాట వాస్తవమే. అయితే లాభం కూడా లెక్క వేయాలి. ఇప్ప, బూరుగ పూలకు పుప్పొడి మోసేవి ఈ గబ్బిలాలే. మర్రి, రావి, మేడి విత్తనాలను దూరదూరాలకు చేర్చేవీ ఇవే. థాయ్‌లాండ్‌లో గుహల్లో ఉండే ఒక గబ్బిలం వరిని పీల్చే తెల్లవీపు దోమను తిని పంటను కాస్తోందని పరిశోధకులు తేల్చారు.

రోగభయం కూడా ఉంది. 2018లో కేరళలోని కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో నిపా వ్యాధితో 17 మంది చనిపోయారు. ఆ వ్యాధి క్రిమి పళ్లు తినే పెద్ద గబ్బిలాల్లో ఉంటుంది. బంగ్లాదేశ్‌లో పచ్చి ఖర్జూర రసం తాగినవారికి అది సోకింది. అందుకని చెట్టు కొట్టేస్తే ప్రమాదం తప్పదు. చెదిరిన గుంపు ఇంకో ఊరి చెట్టుకు చేరుతుంది, అంతే. చేయవలసింది వేరే ఉంది. గబ్బిలం కొరికిన పండు తినకూడదు. తాటి, ఈతచెట్లకు కట్టిన కల్లు ముంతలపై గబ్బిలం మూతి పెట్టకుండా కప్పు ఉంచాలి. చచ్చిన గబ్బిలాన్ని వట్టిచేతులతో ముట్టుకోకూడదు. తోటపై వల కప్పేటప్పుడు రెక్కలు చిక్కుకోకుండా బిగించి కట్టాలి.

1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం పళ్లు తినే గబ్బిలాలను కాకులు, ఎలుకలతోపాటు హానికర జంతువుల జాబితాలో చేర్చింది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి ఆ జాబితానే తీసివేసింది. ఈ సంగతి ఎన్ని పల్లెలకు తెలుసు?

పెద్ద గబ్బిలం ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. ఎలుకల్లా మళ్లీ పెరుగుతాయిలే అనుకోవడం పొరపాటు. పొరుగున కోలారు జిల్లా హనుమనహళ్లి గుహలో తప్ప లోకంలో మరెక్కడా కనబడని ఆకుముక్కు గబ్బిలం ఒకటుంది. చుట్టూ గ్రానైటు తవ్వకాలు సాగడంతో రెండువందల లోపుకు పడిపోయి, అది అంతరించే దశకు చేరింది.

తమిళనాడులో కొన్ని గ్రామాలవారు ఊరి చెట్టుమీది గబ్బిలాలు బెదురుతాయని దీపావళికి టపాకాయలు కాల్చడం మానుకున్నారు. మన ఊళ్లలో అంత చేయకపోయినా, పాత మర్రి, చింతచెట్లను వేలం వేసే ముందు వాటిమీద ఏముందో పంచాయతీ పెద్దలు ఒకసారి తలెత్తి చూడాలి. గబ్బిలాలుంటే ఆ చెట్టును వేలంనుంచి తప్పించాలి. నష్టపోతున్న తోట రైతుకు వల కొనుక్కోవడానికి సాయం అందించే బాధ్యత ఉద్యానశాఖ తీసుకోవాలి. రైతుకు సాయం చేయకుండా గబ్బిలాన్ని కాపాడమంటే ఎవరూ వినరు.