రాజుకొస్తే విషాదం, కూలోడికొస్తే గొలుసా?

పిచ్చికి కూడా కులముందా? ఉంది. స్టేజీ నాటకాలు చూడండి, తెలుస్తుంది.

షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' 400 ఏళ్ళ నాటి విషాద నాటకం. ముసలిరాజు రాజ్యమంతా ఇద్దరు కూతుళ్ళకు పంచిపెడతాడు. వాళ్ళు తలుపులు మూసేస్తే గాలివానలో పడి మతి చెడిపోతాడు. ఆ రాజు పిచ్చికి లోకమంతా కన్నీళ్ళు పెట్టింది. అదే నాటకంలో ఎడ్గార్ అనే దొరబిడ్డ ప్రాణం కాపాడుకోడానికి పిచ్చి బిచ్చగాడి వేషం కడతాడు. పనయ్యాక వేషం విప్పేస్తాడు.

మన దగ్గరా అంతే. వేదం వెంకటరాయశాస్త్రి 1897 నాటి 'ప్రతాపరుద్రీయం'లో మంత్రి యుగంధరుడు ఢిల్లీ వీధుల్లో పిచ్చోడిలా తిరుగుతాడు. చెరలో ఉన్న రాజును విడిపించే ఎత్తు అది. జనం చప్పట్లు కొట్టారు.

రాజు పిచ్చి విషాదం. మంత్రి పిచ్చి తెలివి. మరి వేషం కాని అసలు పిచ్చోడు, ఆ చింకిగుడ్డలు నిజంగా కట్టినోడు ఎక్కడ? ఈ రెండు నాటకాల్లోనూ వాడికి చోటు లేదు. ఒక్క నిజం మాత్రం లియర్ ఒప్పుకుంటాడు: గద్దె మీదున్నన్నాళ్ళు గూడూ గుడ్డా లేనోళ్ళను పట్టించుకోలేదే అని ఆ వానలో కుమిలిపోతాడు. గద్దె దిగితేగాని తెలియలేదు!

ఇక మన పిడుగురాళ్ల సంగతి. సున్నపు బట్టీల్లో, మిరప కోతల్లో ఒళ్ళు అరగదీసుకునేవాళ్ళకు, కౌలుకు పత్తి వేసి అప్పులపాలైనవాళ్ళకు మనసు చెదిరితే ఏమంటారు? 'గాలి సోకింది', 'చేతబడి చేశారు' అంటారు. కూలి డబ్బులు భూతవైద్యుడి పాలు. పిల్లలు రాళ్ళేస్తారు. ఆఖరికి గొలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలు లేచి 28 మంది రోగులు చనిపోయారు. పారిపోదామంటే కాళ్ళకు గొలుసులు! వాళ్ళ కోసం పద్యం పాడిందెవరు?

అన్నలారా, అక్కలారా! 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వెయ్యడాన్ని నిషేధించింది. సర్కారు వైద్యం హక్కు అంది. దిక్కులేక తిరిగే రోగిని కాపాడి ఆసుపత్రికి చేర్చే బాధ్యత పోలీసులది అంది. 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులో సలహా చెబుతారు. చట్టం కాగితం మీదుంటే చాలదు. కార్యకర్తలు ఈ మాట వాడవాడకూ చేర్చాలి. ఆసుపత్రిలో మందులు లేవంటే, డాక్టరు లేడంటే నిలబడి అడగాలి.

పిచ్చి పాపం కాదు, శాపం కాదు, జబ్బు. గొలుసు తీయండి. వైద్యం భిక్ష కాదు, మన హక్కు!