పేరు అడగకుండా ఇంటికి తెచ్చుకున్న పువ్వు

ఆదివారం పొద్దున్న. వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నెడు నీళ్లు మరుగుతున్నాయి. పెరట్లో బకెట్లో, మా ఉప్పునీళ్ల ఆక్వేరియం నుంచి తీసిన రాయి ఉంది. ఆ నీళ్లు తీసుకెళ్లి ఈ రాయి మీద పోయడమే మిగిలింది. "రాయి మీద మొలిచినవి పోవాలంటే మరిగే నీళ్లు పోసెయ్యండి మేడమ్" అని మాకు చేపలు అమ్మిన అబ్బాయే ఫోన్లో చెప్పాడు. చీమల పుట్ట మీద పోస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను.

ఆ నీళ్లు నేను పోయలేదు. ఎందుకు పోయలేదో చెప్తాను. మీ ఇంట్లో కూడా పిల్లలు "నీమో చేప కావాలి" అని పేచీ పెడుతుంటే చివరిదాకా చదవండి.

మాది బందరు. మావారు దివిసీమలో, నాగాయలంక వైపు రొయ్యల చెరువులకి మేత వేయిస్తారు. మా అక్కావాళ్లది గుడివాడ, బావగారికి బొచ్చె, శీలావతి చెరువులున్నాయి. చేపా రొయ్యా నీళ్లే మా రెండిళ్లకీ అన్నం పెడుతున్నాయి. ఇలాంటి ఇంట్లో ఉప్పునీళ్ల ఆక్వేరియం పెట్టడం ఎంతసేపు అనుకున్నాడు తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి. వాళ్ల నాన్నా సరే అన్నారు.

మా అత్తయ్యగారు ఒక్కరే వద్దన్నారు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన కళ్లారా చూసిన మనిషి. "ఉప్పునీళ్లని మనంతట మనమే ఇంట్లోకి తెచ్చుకుంటామా?" అన్నారు. ఆ ఒక్క మాటే. మళ్లీ ఎత్తలేదు. మేమూ పట్టించుకోలేదు.

నీళ్ల సంగతిలో మాకు లోటు రాలేదు. మంగినపూడి సముద్రం దగ్గరే అయినా ఆ నీళ్లు పనికిరావని మావారు ముందే చెప్పారు. అంతా ఒండ్రు, పైగా కృష్ణ నీళ్లు వచ్చి కలిసినప్పుడల్లా ఉప్పు మారిపోతుంది. ప్యాకెట్ ఉప్పు కొని, లీటరుకి 35 గ్రాముల లెక్కన కలిపి, చెరువు గట్టు మీద వాడే రిఫ్రాక్టోమీటరుతోనే చూసేవారు. అమోనియా, పీహెచ్ అన్నీ రొయ్యలకి చూసినట్టే చూశారు. నీళ్ల గురించి మాకు అన్నీ తెలుసు. అందులో వేసిన ప్రాణి గురించి మాత్రం ఏమీ తెలియదు.

షాపులో అది తెల్లగా, మల్లెపూల బంతిలా ఊగుతూ కనిపించింది. సీ అనిమోన్ అన్నారు. పువ్వులా ఉంటుంది కానీ జంతువే. పగడాలకీ, జెల్లీఫిష్‌కీ చుట్టం. క్లౌన్ చేపల జంటకంటే దాని ఖరీదే ఎక్కువ. "ఏ రకం?" అని నేను అడగలేదు. చేపల బజారులో మొప్ప ఎత్తి చూడకుండా పండుగప్ప కొనను. మెంతికూర కట్ట విప్పి చూడకుండా సంచిలో వేసుకోను. అలాంటిదాన్ని, అంత డబ్బు పోసి పేరైనా అడగకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

ఐదో వారంలో అది నోరు తెరుచుకుని, పట్టు వదిలేసి, ఒక మూలకి జారిపోయింది. తెల్లారేసరికి ట్యాంకు పాలనీళ్లలా మారింది, వాసన. రెండు చేపల్లో ఒకటి తేలిపోయింది. పిల్లాడు ఆ రోజు బడికి వెళ్లలేదు. "నిన్నటిదాకా కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయే" అంటూ మావారు తల పట్టుకున్నారు.

తర్వాత తెలిసింది. ఈ జాతి అనిమోన్ల ఒంట్లో కంటికి కనిపించనంత సన్నటి నాచు కాపురం ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు వండి పెడుతుంది, అనిమోన్ దానికి ఇల్లు ఇస్తుంది. ఒంటికి ఉండే గోధుమ రంగు, ఆకుపచ్చ ఛాయ చాలావరకు ఆ నాచువే. వేడి ఎక్కువైనా, వెలుతురు చాలకపోయినా, ప్రయాణంలో నలిగిపోయినా నాచు వెళ్లిపోతుంది, ఒళ్లు తెల్లబడుతుంది. మేము ముచ్చటపడి కొన్న ఆ తెలుపు దాని ఆకలి. కొన్నిచోట్ల వీటికి పసుపు, గులాబీ రంగులు అద్ది కూడా అమ్ముతారట. పెళ్లిచూపుల్లో మొదలైన మన తెలుపు పిచ్చి సముద్రం అడుగుకి కూడా వెళ్లింది చూడండి.

ఇంకో మాట కూడా షాపులో ఎవరూ చెప్పలేదు. సముద్రంలో క్లౌన్ చేపకి అనిమోన్ కోటలాంటిది కానీ, శత్రువులు లేని ఇంటి ట్యాంకులో అది లేకుండానే హాయిగా బతుకుతుంది. ప్రపంచంలో సీ అనిమోన్లు వెయ్యి రకాల పైన ఉంటే, క్లౌన్ చేపలు చేరేది పది రకాల దగ్గరికే. మేము తెచ్చింది అందులోదో కాదో కూడా మాకు తెలియదు.

ఇక రాయి సంగతికి వస్తాను. కొన్ని నెలలకి రాళ్ల మీద గోధుమ రంగులో, గాజు కుచ్చుల్లాంటివి రెండు మొలిచాయి. అబ్బాయి చాకుతో గీకేశాడు. రెండు వారాల్లో పది అయ్యాయి. గీకిన చోట మిగిలిన చిన్న ముక్క నుంచి కూడా మళ్లీ పుట్టే రకం అని అప్పుడు తెలియదు. అదిగో, అప్పుడే మరిగే నీళ్ల సలహా వచ్చింది.

మా పెద్దమ్మాయి గుడివాడలో అక్కావాళ్లింట్లో ఉండి ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఆ ఆదివారం ఇంటికొచ్చింది. నీళ్లు మరుగుతుండగా భూతద్దం తీసుకుని బకెట్ దగ్గర కూర్చుంది. "అమ్మా, దీని మీద రెండు రకాలున్నాయి. ఒకటి అనిమోనే. రెండోది కాదు" అంది. ఫోన్లో ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. రెండోవి జోవాంథిడ్లు, బటన్ పాలిప్స్ అంటారు. అనిమోన్లకి దగ్గర చుట్టాలే. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో ఉన్న అతి తీవ్రమైన విషాల్లో అది ఒకటి. వేడినీళ్లు పోసినా, ఉడకబెట్టినా, బ్రష్షుతో రుద్దినా ఆవిరిలో, తుంపరల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2018లో ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో ట్యాంకు శుభ్రం చేస్తుంటే ఆ కుటుంబాన్నే కాదు, సాయానికి వెళ్లిన ఫైర్ సిబ్బందిని కూడా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

పొయ్యి కట్టేశాను. చేతులు వణికాయి. పెరట్లో బకెట్ పక్కనే అత్తయ్యగారు నులకమంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఆ రాయి మీద ఉన్నది విషం ఉన్న రకమో లేని రకమో నాకిప్పటికీ తెలియదు. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని, రాయిని మెల్లగా ట్యాంకులోకి దించేశాం. ఆ తర్వాత దాన్ని ఎవరమూ కదపలేదు.

ఆ రోజు నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. సన్నటి కాడ మీద, గోధుమ రంగులో, గాజులా లోపలికి కనిపిస్తూ, కొసకి సన్నబడే పొడుగు వేళ్లతో, తాకబోతే చటుక్కున ముడుచుకుపోయేది ఐప్టేసియా. అడగకుండా రాళ్లతో వచ్చేసే చుట్టం. దాన్ని కోయకూడదు, గీకకూడదు. పంపు ఆపి, సిరంజితో చిక్కటి సున్నపు ముద్ద దాని నోటి మీద పెట్టడం ఒక దారి. అదీ రోజుకి ఒకటి రెండింటికే, లేకపోతే నీళ్ల పీహెచ్ పెరిగిపోతుంది. పక్కన బటన్లు ఉన్న రాయి జోలికి మాత్రం పోకండి. ఒకే చాప మీద గుంపుగా కూర్చున్నట్టు, పొట్టి కాడలతో, మధ్యలో చదునుగా చొక్కా గుండీలా ఉండి, అంచు చుట్టూ పొట్టి వేళ్లు ఉంటే జోవాంథిడ్. వేళ్ల చివర చిన్న బుడగలు ఉబ్బినట్టుంటే బబుల్ టిప్ అనిమోన్. ఆ బుడగలు ఒక్కోసారి పోయి మామూలు వేళ్లలా కూడా ఉంటాయి, అందుకని బుడగ ఒక్కటే గుర్తు అనుకోకండి. ఇసుకలో కాలు దిగేసి, తివాచీలా వెడల్పుగా పరుచుకుని, పొట్టి వేళ్లుంటే కార్పెట్ అనిమోన్. చిన్న చేపని మింగేయగలదు.

ఇదేమంత కష్టమైన విద్య అండీ? పెరుగుతోటకూరకీ కొయ్యతోటకూరకీ తేడా చూసే కళ్లు మనవి. కాడ ఎలా ఉంది, కొస ఎలా ఉంది, ఒంటరిగా ఉందా గుంపుగా ఉందా, తాకితే ఏం చేస్తోంది, మనం రోజూ చూసేవే ఇవి. లోపం కళ్లలో లేదు, "మీకెందుకులే ఆ పేర్లు" అని ఇంట్లో వాళ్లు అనడంలోనూ, మనం సరేననడంలోనూ ఉంది.

ఎందుకంటే చివరికి బకెట్ మోసేది ఎవరు? వారానికోసారి నీళ్లు మార్చేది నేను. ఆవిరైన మేరకి రోజూ మంచినీళ్లు పోసేది నేను. కరెంటు పోతే బ్యాటరీ ఏరియేటర్ పెట్టేది నేను. ఇది ఇవాళ్టి కథ కూడా కాదు. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ టోర్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్‌లోని తన ఇంటికి తెచ్చి బతికించింది. ఇళ్లలో ఉప్పునీళ్ల ఆక్వేరియం మొదలైంది అక్కడే అంటారు. అప్పుడు పంపులు లేవు. కిటికీ తెరిచి, అక్కడ నిలబడి ఆ నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ అరగంట, ముప్పావుగంట వంపింది వాళ్ల పనిమనిషి. నేను చదివినచోట అన్నా థిన్ పేరుంది. పనిమనిషి పేరు లేదు.

సీ అనిమోన్ ఎంతకాలం బతకగలదో కూడా తెలుసుకోండి. స్కాట్లండులో డాలియెల్ అనే ఆయన 1828లో ఒకదాన్ని తీరంలో పట్టి గాజు సీసాలో పెంచారు. ఆయన పోయాక అది చేతులు మారుతూ 1887 దాకా బతికింది. ఎడిన్‌బరోలో అందరూ దాన్ని "గ్రానీ", బామ్మ అని పిలిచేవారు. సరిగ్గా చూసుకుంటే మనవల కాలం దాకా ఉండే ప్రాణిని మేము ఐదు వారాల్లో చంపేశాం.

"ఇంత ఆలోచిస్తే ఇంకేం పెంచుకుంటాం, సరదాకే కదా" అని మా అక్క అంది. సరదాకే కావచ్చు. కానీ నా అభిప్రాయం ఇది. ఇంటికి ఏ ప్రాణి వచ్చినా, దాన్ని రోజూ చూసుకోబోయే మనిషి ముందుగా దాని పేరు తెలుసుకోవాలి. పేరు చెప్పలేని వాళ్ల దగ్గర కొనకూడదు. రాయి ఎక్కడిదో కూడా అడగాలి. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, పులి ఉన్న జాబితాలోనే ఉన్నాయి. మేము అడిగినప్పుడు షాపతను మాట మార్చాడు. ముందే అడిగి ఉంటే కొనేవాళ్లమే కాదు. పిల్లలకి అనిమోన్ చూపించాలనిపిస్తే విశాఖ వెళ్లినప్పుడు ఆటు సమయంలో రాళ్ల గుంటల దగ్గరికి తీసుకెళ్లండి. మన మంగినపూడిది ఒండ్రు తీరం, అక్కడ అలాంటి గుంటలు లేవు.

ఇప్పుడు ట్యాంకులో ఒక క్లౌన్ చేప, ఆ రాళ్లు, అంతే. కొత్తగా ఏమీ కొనలేదు. మధ్యాహ్నం నిద్ర లేచాక అత్తయ్యగారు ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. మొన్న ఆవిడే పిలిచారు. "ఇదిగో అమ్మాయ్, ఈ వెనక రాయి మీద ఇంకేదో మొలిచింది. ఎర్రగా ఉంది. నువ్వు చూశావా?"

నేను చూడలేదు. ఫొటో తీసి గుడివాడ పంపాను. ఇంకా తేలలేదు. అది ఏమిటో తేలేదాకా ట్యాంకులో ఎవరూ చెయ్యి పెట్టకూడదని అత్తయ్యగారి ఆర్డరు.