సోడాలో కిస్‌మిస్ గంతులు

పాయసంలోకి తెచ్చిన కిస్‌మిస్‌లు డబ్బాలో కాసిని మిగిలాయా? అయితే ఈ ఆదివారం వాటిలో నాలుగు పిల్లల చేతిలో పెట్టండి. అప్పుడే మూత తీసిన సోడా ఒకటి కావాలి. కూల్‌డ్రింకైనా ఫర్వాలేదు కానీ రంగు లేనిదే తీసుకోండి, లేకపోతే లోపలి తమాషా కనిపించదు.

పొడవాటి గాజు గ్లాసులో ముప్పావు వంతు సోడా పోసి కిస్‌మిస్‌లు వేయండి. ముందు బుద్ధిగా అడుక్కి చేరతాయి. 'ఇంతేనా' అని పిల్లలు మొహం తిప్పుకునేలోగా ఒకటి ఊగుతూ పైకి లేస్తుంది. పైన పల్టీ కొట్టి మళ్లీ కిందికి! దాని వెనకే ఇంకోటి. తలా ఒకటి ఎంచుకుని, అయిదు నిమిషాల్లో ఎవరిది ఎక్కువసార్లు పైకొస్తుందో పందెం వేసుకోవచ్చు.

ఇంతకీ వాటిని లేపుతున్నదెవరు? సోడాలో కార్బన్ డయాక్సైడ్‌ని ఒత్తిడితో కరిగిస్తారు. గోలీసోడాలో గోలీని మూతికి అదిమిపెట్టేది కూడా ఆ ఒత్తిడే. హిరమ్ కాడ్ అనే ఇంగ్లిషాయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. గోలీ కిందికి నొక్కగానే ఒత్తిడి తగ్గి వాయువు బయటికి రావాలని చూస్తుంది. అయితే బుడగ కట్టాలంటే దానికో ఆసరా కావాలి. కిస్‌మిస్ ముడతల్లో చిక్కుకున్న గాలే ఆ ఆసరా. అక్కడ బుడగలు పెరిగి, ఈత నేర్చుకునేవాళ్ల నడుముకి కట్టిన బెండుల్లా దాన్ని తేలుస్తాయి.

పైకొచ్చాక పల్టీ ఎందుకు? పైభాగాన ఉన్న బుడగలు గాలి తగలగానే చిట్లుతాయి. దాంతో కింద బుడగలున్న వైపు తేలికై పైకి తిరుగుతుంది. అవీ చిట్లుతాయి. బెండులన్నీ పోయాక ఇక మునగక చస్తుందా!

ఓ చిన్న గులకరాయినీ వేసి చూడండి. ఒంటినిండా బుడగలు పట్టినా అది కదలదు. దాని బరువుకి ఆ బెండులు చాలవు మరి.

సోడా లేకపోతే గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి, నిమ్మరసం కొద్దికొద్దిగా పిండండి. ఒక్కసారే పోస్తే పొంగి గట్టంతా పాడవుతుంది, తుడవాల్సింది అమ్మే! ఇందులో మొక్కజొన్న గింజలు కూడా గంతులేస్తాయి. ఈ కలిపిన నీళ్లని సీసాలో పోసి బిరడా మాత్రం బిగించొద్దు. వాయువు నిండి సీసా పగలొచ్చు.

'కిస్‌మిస్సే తేలుతోంది, వాయువు కాదు' అని ఇంట్లో ఎవరైనా వాదిస్తే కాసింత సోడాని రాత్రంతా మూత లేకుండా ఉంచండి. పొద్దున అందులో కొత్త కిస్‌మిస్‌లు వేయండి. అడుగునే కూర్చుంటాయి.