దూరవైద్యం – దగ్గరి మాట

వైద్యుడు రోగి వద్దకు రావాలి, లేదా రోగి వైద్యుని వద్దకు పోవాలి. అనాదిగా వైద్యానికి ఈ రెండే దారులు. మూడవ దారిని మన తరం చూచింది. రోగి తన ఊరిలోనే ఉంటాడు, వైద్యుడు తన ఆసుపత్రిలోనే ఉంటాడు. మాటా, చిత్రమూ, పరీక్షల ఫలితమూ మాత్రమే ప్రయాణం చేస్తాయి.

ఈ మార్పులో తెలుగునేల ముందు వరుసలో నిలిచింది. 2000లో అపోలో సంస్థ తన వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమైన చిత్తూరు జిల్లా అరగొండలో దూరవైద్య కేంద్రాన్ని నెలకొల్పింది. 2005 ఆగస్టు 15న 108 సేవ మన రాష్ట్రంలో ప్రారంభమైనది. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల నుండి వైద్యులను సంప్రదించే ఈ-సంజీవని పథకం దేశంలో మొదటగా ఆంధ్రప్రదేశ్‌లోనే అమలునకు వచ్చింది. నెల్లిమర్లలో వైద్య కళాశాల ఉన్నది గనుక మనకు వైద్యుడు మరీ దూరం కాడు. కాని సాలూరు, పాచిపెంట కొండలలో రోగిని డోలీలో మోసికొని దిగవలసిన వారికి ఈ సౌకర్యం ఎంతటి వరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే తీగ చేరినంత మాత్రాన వైద్యం చేరినట్లేనా?

ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో మా మేనత్త ఈ విధంగానే వైద్యుని ఎదుట కూర్చున్నది. ఆమెకు తెలుగు వచ్చును. కాని బాధలో మనిషికి తల్లి భాషయే నోట వచ్చును. “జీ ఘబరా రహా హై” అన్నది. వెంట ఉన్న మనుమడు “భయపడుతున్నదట” అని తెలుగు చేశాడు. మధ్యమధ్య తెగిపోతున్న మాటలలో వైద్యునికి వినిపించినది ఆ ‘భయం’ ఒక్కటే. ధైర్యం చెప్పి, నిద్రకు మాత్ర వ్రాయబోయాడు. అప్పుడు నర్సమ్మ, “అయ్యా, ఈమెకు చెమటలు పోస్తున్నాయి, చేయి ఎడమ భుజం మీదనే ఉంచుకొన్నది” అన్నది. వెంటనే వైద్యుని ధోరణి మారింది. 108కు పిలుపు వెళ్ళింది. మా మేనత్త బ్రతికింది. ఆ పూట ఆమెను కాపాడినది కంప్యూటరా, నర్సమ్మ కన్నులా? రెండూ అనే నా సమాధానం. కాని రెండవది లేకున్న మొదటిది దారి తప్పేది.

నేడు యంత్రమే అనువాదం చేయగలదు గదా అని కొందరనవచ్చు. ‘కడుపులో దేవుతోంది’, ‘ఒంట్లో నలతగా ఉంది’ అనే మాటలను అది తర్జుమా చేయునేమో గాని, చెప్పలేక ఆగిపోయిన మాటను అది గ్రహించలేదు. మన ఇండ్లలో స్త్రీల సంగతి మరీ సున్నితం. ఫోను కుమారునిది, అందులోనికి వచ్చే సంకేత సంఖ్యా కుమారుని చేతికే చేరుతుంది. తన వ్యాధిని అతని ఎదుట చెప్పుకొనలేని తల్లి మౌనంగా తిరిగిపోతుంది. రోగి రహస్యాన్ని కాపాడని సౌకర్యం సగం సౌకర్యమే.

కనుక మన కళాశాల చేయదగిన పని ఒకటున్నది. ఉర్దూ, తెలుగు రెండు శాఖలూ ఒకే కప్పు క్రింద ఉన్న విద్యాలయం మనది. విద్యార్థులు తమ ఇండ్లలో, ఇరుగుపొరుగున, జూట్ మిల్లు కార్మికుల వాడలలో పెద్దలు వ్యాధి బాధలను ఏయే మాటలతో చెప్పుకొంటారో సేకరించాలి. వాటిని రెండు భాషలలోనూ ప్రక్కప్రక్కన కూర్చి, వైద్యుల చేత సరిచూపించి, చిన్న పుస్తకంగా అచ్చువేసి, చుట్టుపట్ల ఆరోగ్య కేంద్రాలకు అందజేయాలి. కళాశాల సంఘం వారు కాగితం ఖర్చు భరించినచో చాలు, శ్రమ మాది.

విద్యార్థులారా! తీగలు వేయడానికి ఇంజనీర్లున్నారు, మందు వ్రాయడానికి వైద్యులున్నారు. నడుమనున్న మాట మాత్రం మన వంతు. భాష చదువుకొన్నవారు ఈ యుగంలో ఎందుకు పనికివస్తారని అడిగేవారికి ఆ చిన్న పుస్తకమే మన సమాధానం కావాలి.