ఓపిక లేనిది మాకు కాదు



'చిన్న మదుపరులకు ఓపిక తక్కువ' అంటూ గత వారం మీరు వేసిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి 2021లో ఒక స్పెషాలిటీ కెమికల్స్ కంపెనీ షేర్లు కొన్నాను. చైనాకు ప్రత్యామ్నాయం మనమేనని అందరూ అంటున్న రోజులవి. ఇవాళ వాటి విలువ మూడో వంతు కూడా లేదు. అయినా అమ్మలేదు. ఇది ఓపిక కాదా?

2023లో విదేశీ కొనుగోలుదారులు పాత నిల్వలు వాడుకుంటూ ఆర్డర్లు తగ్గించారు, చైనా సరుకు చవగ్గా వచ్చి పడింది. అది కంపెనీ తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ కొత్త ప్లాంటు 'వచ్చే త్రైమాసికంలో' అని ఆరుసార్లు చెప్పడం తప్పే. దాని గురించి అడగాలనే ఆన్‌లైన్‌లో జరిగిన గత వార్షిక సమావేశానికి ముందుగా పేరు నమోదు చేసుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. నా వంతు వచ్చింది. ప్రశ్న సగంలో ఉండగానే మైకు కట్టేశారు. జవాబు ఈమెయిల్లో పంపుతామన్నారు. ఇంతవరకు రాలేదు.

ఇలా మా మాట వినిపించని చోట చట్టంలో ఒక దారి ఉంది. కంపెనీల చట్టం, 2013లోని 151వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీ బోర్డులో చిన్న వాటాదారులు ఎన్నుకున్న డైరెక్టరు ఒకరు ఉండవచ్చు. వెయ్యి మంది, లేదా అలాంటి వాటాదారుల్లో పదో వంతు, ఏది తక్కువైతే అంతమంది నోటీసు ఇవ్వాలి. ముఖవిలువ లెక్కన 20 వేల రూపాయలకు మించని షేర్లున్న ప్రతి ఒక్కరూ చిన్న వాటాదారే. మీ వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. దయచేసి వచ్చే సంచికలో వివరంగా వేయండి.

— ఒక వాటాదారు, తెనాలి