తోడు గేటు బయటే.. రోగి ఒక్కరే లోపలికి
కరోనా కాలం నేర్పిన పాఠం ఏజెన్సీకి అక్కరకు వచ్చేనా?

దమ్మపేట: క్యాన్సర్ రోగికి మందు ఎంత అవసరమో, వెంట నడిచే మనిషీ అంతే అవసరం. కరోనా కాలం ఈ సత్యాన్ని కఠినంగా చాటింది. 2020, 2021 సంవత్సరాల్లో వైరస్ వ్యాప్తిని అరికట్టేందుకు దేశమంతటా ఆసుపత్రులు సహాయకుల రాకపై ఆంక్షలు విధించాయి. అనేకచోట్ల రోగి ఒక్కరే లోపలికి వెళ్లాల్సి వచ్చింది. నగరవాసులకు అది మనోవేదన మిగిల్చింది. ఏజెన్సీ గూడేల నుంచి వెళ్లేవారికైతే వైద్యుడు చెప్పిన మాటే అందకుండా పోయే ముప్పు తెచ్చిపెట్టింది. ఆ రోజులు గడిచిపోయాయి. అవి లేవనెత్తిన ప్రశ్నకు మాత్రం నేటికీ సరైన సమాధానం దొరకలేదు.

దూరమే తొలి పరీక్ష

దమ్మపేట మండలం 2016 అక్టోబరులో ఖమ్మం నుంచి విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. జిల్లా మారినా పెద్దరోగం వస్తే పట్టాల్సిన దారి మారలేదు. ప్రభుత్వ రంగంలో క్యాన్సర్ వైద్యానికి ప్రధాన ఆధారం హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రే. ఇక్కడి నుంచి అక్కడికి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైమాటే. జనం 'కరెంటు పెట్టడం'గా చెప్పుకునే రేడియేషన్ చికిత్సకు సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలపాటు అక్కడే మకాం వేయాలి. కీమోకు చాలా సందర్భాల్లో మూడు వారాలకోసారి వెళ్లిరావాలి.

2020 మార్చి 25న మొదలైన దేశవ్యాప్త లాక్‌డౌన్ తొలి విడత గడువు 21 రోజులు. అంటే కీమో విరామంతో సరిసమానం. చికిత్స నడుమ ఉన్నవారిలో అనేకులకు ఆ విడతలోనే తదుపరి మోతాదు రోజు వచ్చిపడింది. బస్సు లేదు, రైలు లేదు. జిల్లా బస్సులు మే 19న కదిలినా, హైదరాబాదులో సిటీ బస్సులు సెప్టెంబరు 25 వరకు రోడ్డెక్కలేదు. సరిహద్దుకు అవతలనున్న ఆంధ్రప్రదేశ్ పట్టణాలకు వెళ్దామన్నా దారి మూసుకుపోయింది. నవంబరు 2న ఒప్పందం కుదిరే వరకు రెండు రాష్ట్రాల నడుమ ఆర్టీసీ బస్సులు తిరగలేదు. అద్దె కారు పెట్టుకోగలిగిన వారిదే ప్రయాణం.

సగానికి పడిపోయిన రాక

దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల వివరాలతో 2021లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రిక ప్రచురించిన అధ్యయనం ఈ నష్టాన్ని లెక్కకట్టింది. 2020 మార్చి నుంచి మే వరకు కొత్త రోగుల నమోదు అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే 54 శాతం తగ్గింది. తిరిగి చూపించుకునేందుకు వచ్చేవారు 46 శాతం, పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం, ఓపీ కీమో 37 శాతం తగ్గాయి. రాని వారికి వ్యాధి రాలేదని కాదు, వారు ఆసుపత్రి దాకా చేరలేదన్నదే ఈ అంకెల సారాంశం.

ఆ ఏడాది తమిళనాడులోని కుంభకోణం ప్రాంతానికి చెందిన ఓ వృద్ధ కూలీ, క్యాన్సర్‌తో బాధపడుతున్న భార్యను సైకిల్‌పై కూర్చోబెట్టుకుని వంద కిలోమీటర్లకు పైగా తొక్కి పుదుచ్చేరి జిప్మర్‌కు చేర్చాడు. నాడు అందరినీ కదిలించిన వార్త అది. తోడు అన్న మాటకు అంతకు మించిన నిర్వచనం అక్కర్లేదు.

తోడు చేసే పనులెన్నో

ఆంక్షలకు కారణం లేకపోలేదు. కీమో తీసుకున్న వారిలో తెల్లరక్తకణాలు తగ్గి రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది. కిక్కిరిసిన వరండాలో వైరస్ సోకితే ప్రాణాపాయమే. కాబట్టి జనాన్ని తగ్గించడం వైద్యపరంగా సబబే. అయితే ఆ తోడు చేస్తున్న పనిని ఎవరు చేయాలన్న ఆలోచన మాత్రం కొరవడింది.

ఓపీ చీటీ రాయించడం, ఆరోగ్యశ్రీ కౌంటరు వెతకడం, స్కానింగ్ కాగితాలు ఒకచోట నుంచి మరోచోటికి చేర్చడం, వాంతులైతే పట్టుకోవడం, డబ్బు భద్రపరచడం... ఇవన్నీ తోడుమనిషి భుజాలపైనే ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది వైద్యుడి మాటను గుర్తుంచుకోవడం. కీమో అనంతరం 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోరాదు, తక్షణం ఆసుపత్రికి చేరాలి. ఈ ఒక్క జాగ్రత్త వినబడకపోతే, అర్థం కాకపోతే చికిత్సే ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో కోయ భాష మాట్లాడుతూ, అక్షరం రాని పెద్దవయసు వారు నగర ఆసుపత్రిలో ఒంటరిగా ఇది విని, గుర్తుంచుకుని, ఇంటికి వచ్చి చెప్పగలరని ఆశించడం సమంజసం కాదు.

ఆ కాలంలో ఇంగ్లండు, అమెరికాల్లోనూ రోగులు ఒంటరిగానే కీమోకు వెళ్లారు. అక్కడ అనేకులు ఫోన్ స్పీకర్ ద్వారా ఇంటివారికి వైద్యుడి మాట వినిపించారు. మన దేశంలోనూ టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25నే వెలువడ్డాయి. సిగ్నల్ అందని గూడేలకు, స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు ఆ వెసులుబాటు అంతంతమాత్రమే.

రైల్వే గుర్తించింది.. మరి మిగతావారు?

తోడుమనిషి అవసరాన్ని రైల్వేశాఖ ఏనాడో గుర్తించింది. క్యాన్సర్ రోగికే కాక, వెంట వెళ్లే ఒకరికి కూడా టిక్కెట్టులో రాయితీ కల్పించింది. 2020 మార్చిలో అనేక రాయితీలను నిలిపివేసినప్పుడు కూడా రోగుల రాయితీని కొనసాగించింది. రాష్ట్రంలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. ఆరోగ్యశ్రీ పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. తల్లి వెంట కూతురు వెళ్లేందుకు ఛార్జీ భారం తప్పింది. పామాయిల్ గెలల కోతకో, మామిడి తోటల పనికో వెళితేనే పూట గడిచే ఇంట్లో తోడు వెళ్లిన మనిషి కూలి మాత్రం నేటికీ గంగపాలే. అందువల్ల మహమ్మారి లేని రోజుల్లోనూ ఒంటరిగా బస్సెక్కే రోగులకు కొదవ లేదు.

చేయదగినవి ఇవీ..

వైద్యాన్ని చేరువ చేయడమే అసలైన పరిష్కారం. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్టులో ప్రకటించారు. కొత్తగూడానికి 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కీమో కొత్తగూడెంలోనే అందితే తోడుగా వెళ్లినవారు సాయంత్రానికి ఇల్లు చేరతారు.

అంతవరకు ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి వదిలే ముందు తదుపరి తేదీ, ప్రమాద సూచనలు పెద్దక్షరాల తెలుగులో రాసివ్వాలి. అదే సమాచారం ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్‌లో చేరాలి. ఒంటరిగా వచ్చిన రోగికి ఆరోగ్యమిత్రను తోడివ్వాలి. మరో మహమ్మారి వచ్చినప్పుడు క్యాన్సర్ రోగికి ఒక సహాయకుడిని పరీక్షించి అనుమతించే నిబంధనను ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. విపత్తు ముంచుకొచ్చాక గేటు దగ్గర కాపలాదారు నిర్ణయించాల్సిన విషయం కాదది.