చేతిలో పుట్టే ఓడ

మానవుడు ఓడను నిర్మించడం ఎప్పుడు నేర్చుకొన్నాడో చెప్పడం కష్టం. ఓడ బొమ్మను చేయడం మాత్రం అతనికి దాదాపు నాలుగువేల ఏండ్ల కిందటే తెలుసు. ఈజిప్టులో మెకెత్రే అనే ఉన్నతాధికారి సమాధిలో 1920లో పురావస్తు పరిశోధకులకు కొయ్యతో చేసిన చిన్న చిన్న పడవలు లభించాయి. తెడ్లు వేసే కళాసులు, కూర్చున్న యజమాని, వెంట నడిచే వంటపడవ, అందులో పని చేసే వంటవాళ్లు అన్నీ చిన్న రూపంలో ఉన్నాయి. చనిపోయినవానికి పరలోకంలో ప్రయాణ సౌకర్యం ఉండాలన్నది వాటిని చేసినవారి విశ్వాసం. ఆ విశ్వాసం మాట ఎలా ఉన్నా, ఆ శిల్పి చేతిలోని శ్రద్ధ నేటికీ చెక్కుచెదరలేదు.

పదిహేడో శతాబ్దం నాటికి ఇంగ్లండులో ఓడ నమూనాలు నౌకానిర్మాణంలో భాగమయ్యాయి. యుద్ధనౌకల రూపాన్ని ఉన్నది ఉన్నట్టు చూపే చిన్న నమూనాలను అక్కడి నిపుణులు తయారు చేసేవారు. వీటిలో చాలావాటి కొలత ఒకటికి నలభై ఎనిమిది వంతులు. అంటే అసలు ఓడలో ఒక అడుగు పొడవు నమూనాలో పావు అంగుళమవుతుంది. ఆరడుగుల మనిషి అంగుళమున్నర బొమ్మగా మారిపోతాడు. గ్రీనిచ్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియంలో ఈ నమూనాలను నేటికీ చూడవచ్చు. నెపోలియన్ కాలపు యుద్ధాలలో బ్రిటన్‌కు బందీలుగా చిక్కిన ఫ్రెంచి నావికులు, ఇంగ్లండులోని నార్మన్ క్రాస్ వంటి శిబిరాలలో, తమకు పెట్టిన మాంసంలో మిగిలిన ఎముకలను చెక్కి ఓడలు చేసి స్థానికులకు అమ్ముకొన్నారు. స్వేచ్ఛ లేనివారికి సైతం చేతిపని ఒక ఆసరా అయిందనడానికి ఆ ఎముకల ఓడలే సాక్ష్యం.

ఈ పరంపరకు నేటి వారసత్వం కొయ్య ఓడల కిట్లు. ఇటలీ, స్పెయిన్, అమెరికా మొదలైన దేశాలలోని సంస్థలు వీటిని తయారు చేస్తున్నాయి. పగలంతా ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో, కర్మాగారంలోనో పనిచేసినవారు సాయంత్రం ఒక గంట బల్ల ముందు కూర్చొని ఓడ కడతారు. పైకి చూస్తే ఇది తీరిక ఉన్నవారి వినోదం. లోతుగా చూస్తే ఇందులో నేటి విద్యార్థికి తరగతి గదిలో తేలికగా దొరకని చదువు ఉంది.

పెట్టె తెరిచినవారికి అందులో ఓడ కనిపించదు. లేజరుతో కోసిన అడుగుదూలం, పక్కటెముకల వంటి అడ్డుచట్టాలు, కట్టలుగా కట్టిన సన్నని కొయ్యబద్దలు, దారపు ఉండలు, ఇత్తడి మేకులు, వేలి గోరంత ఫిరంగులు, మడత పెట్టిన నిర్మాణపటాలు కనిపిస్తాయి. మొదట అడుగుదూలానికి అడ్డుచట్టాలను నిటారుగా అతకాలి. వాటి అంచులను ఉప్పుకాగితంతో ఏటవాలుగా రుద్ది, బద్ద ఆనడానికి వీలుగా చేయాలి. ఆ తరువాత ఒక్కొక్క బద్దను నీటిలో నానబెట్టి, వేడి తగిలించి, నెమ్మదిగా వంచి అతికించాలి. తొందరపడితే బద్ద విరుగుతుంది. ఓడ ముందు కొస దగ్గర చుట్టుకొలత తగ్గుతుంది కనుక అన్ని బద్దలూ ఒకే వెడల్పులో అక్కడ ఇమడవు. ప్రతి బద్దనూ కొసలకు పోనుపోను సన్నగా చెక్కుకోవాలి. పెట్టెలోని బద్దలన్నీ తిన్ననివే. ఓడలో మాత్రం తిన్నని గీత అరుదు. ఆ తిన్నదనానికీ ఈ వంపుకూ మధ్య ఉన్న దూరమంతా చేయి నడవవలసిందే.

బద్దలు అతికే పద్ధతిలో ఒక నియమం ఉంది. కుడివైపు ఒక బద్ద అతికితే, వెంటనే ఎడమవైపు ఒక బద్ద అతకాలి. ఒక పక్కను పూర్తిగా ముగించి రెండో పక్కకు వెళ్తే, ఎండే బద్దల లాగుడుకు ఓడ మెలికపడుతుంది. ఆ మెలిక ఆనాడు కనిపించదు. నెలల తరువాత తెరచాప కంబాలు నిలబెట్టేటప్పుడు బయటపడుతుంది. అప్పటికి దిద్దుకొనే అవకాశం ఉండదు. పరీక్షలో ఒక ప్రశ్నకు జవాబు తప్పినా తరువాతి ప్రశ్నకు దానితో నిమిత్తం లేకపోవచ్చు. ఓడలో అలా కాదు. మొదట చేసిన పొరపాటు మీదనే తరువాతి పని అంతా నిలబడుతుంది.

నిజమైన ఓడల చరిత్ర కూడా ఈ సత్యాన్నే చెప్తుంది. స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ కట్టించిన వాసా అనే యుద్ధనౌక 1628 ఆగస్టు 10వ తేదీన స్టాక్‌హోమ్ రేవు నుండి తొలి ప్రయాణానికి బయలుదేరింది. 64 ఫిరంగులతో, బంగారు పూత పూసిన శిల్పాలతో అది కన్నులపండువుగా ఉంది. దాదాపు 1,300 మీటర్లు మాత్రమే వెళ్లింది. గాలి విసురుకు ఒరిగి, తెరిచి ఉంచిన ఫిరంగి కిటికీలలో నుండి నీరు చొరబడి, జనం చూస్తుండగానే మునిగిపోయింది. పై భాగం మరీ బరువుగా, అడుగుభాగం అందుకు తగిన వెడల్పు లేకుండా కట్టడం దీనికి ముఖ్య కారణం. 333 ఏండ్ల తరువాత, 1961లో, ఆ ఓడను పైకి తీశారు. పరిశోధకులకు అందులో వడ్రంగుల కొలబద్దలు దొరికాయి. కొన్ని స్వీడన్ అడుగు లెక్కవి, కొన్ని ఆమ్‌స్టర్‌డామ్ అడుగు లెక్కవి. ఒకే ఓడను కట్టిన చేతులు రెండు కొలతలను నమ్ముకొన్నాయి. ఓడ రెండు పక్కలూ సరిసమానంగా లేవని కూడా తేలింది. వాసా నేడు నమూనాకారులకు ఎంతో ఇష్టమైన ఓడలలో ఒకటి. మునిగిన ఓడను తిరిగి కట్టేవాడు దాని తప్పును పుస్తకంలో చదవడు, తన వేళ్లతో తడుముతాడు.

పొట్టు పూర్తయిన పిదప తాళ్ల పని మొదలవుతుంది. కంబాలను కదలకుండా పట్టి ఉంచే తాళ్లు కొన్ని, తెరచాపలను ఎత్తి దించే తాళ్లు కొన్ని. కళాసులు పైకెక్కడానికి కట్టిన తాళ్ల నిచ్చెనలలో ఒకే ముడిని వందలసార్లు వేయాలి. నూరో ముడి వేసేనాటికి మొదటి ముడి ఎంత వికారంగా ఉన్నదో తెలిసివస్తుంది. చాలామంది అప్పుడు మొదటి ముడులను విప్పి మళ్లీ కడతారు. వారిని అలా చేయమని ఎవరూ ఆజ్ఞాపించరు. తన పనికి తానే పరీక్షకుడై నిలవడం ఈ అభిరుచి నేర్పే పెద్ద పాఠం.

ఈ అభిరుచి మీద ఆక్షేపణలు లేకపోలేదు. ఇతరులు గీసిన పటం, ఇతరులు కోసిన ముక్కలు తెచ్చి అతికించడంలో సృజన ఏమున్నదని కొందరు అడుగుతారు. దీనికి సమాధానం బొంబాయి రేవులో దొరుకుతుంది. ట్రింకోమలీ అనే బ్రిటిష్ యుద్ధనౌకను అక్కడ జంషెట్జీ బొమన్జీ వాడియా ఆధ్వర్యంలో భారతీయ వడ్రంగులు టేకుతో నిర్మించారు. పటాలు ఇంగ్లండు నుండి రావలసి వచ్చింది. మొదట పంపిన పటాలు 1812లో జావా అనే ఓడ యుద్ధంలో నాశనమైనప్పుడు దానితోపాటే పోయాయి. మళ్లీ పంపిన పటాలను చూసి కట్టిన ఆ నౌక 1817లో నీటిలోకి దిగింది. నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూ ఉంది. పటం పరాయిది కనుక ఆ ఓడ బొంబాయి వడ్రంగులది కాదని ఎవరైనా అనగలరా? పటం దారి చూపుతుంది. ఆ దారిలో నడిచిన చేతిదే పని.

కాలం వృథా అన్నది రెండో ఆక్షేపణ. పెద్ద ఓడ పూర్తి కావడానికి రెండు మూడేండ్లు పట్టడం సాధారణం. ఉత్సాహం కొద్దీ తొలి ప్రయత్నంలోనే వంద ఫిరంగుల విక్టరీ నౌకను ఎంచుకొన్నవారి పెట్టెలు ఎన్నో సగంలోనే అటకెక్కుతాయి. అందుకే అనుభవజ్ఞులు ఒకే కంబం గల చిన్న పడవతో ఆరంభించమంటారు. ఈ పనికి మార్కులు లేవు, ర్యాంకులు లేవు. ఇంటర్మీడియట్ రెండేండ్లూ గడియారంతో పందెం వేసే విద్యార్థికి ఇది పనికిరానిదిగానే తోచవచ్చు. కాని ఫలితం వెంటనే చేతికందని పనిని విడువకుండా చేయగల స్వభావం, వైద్యునికైనా ఇంజినీరుకైనా రైతుకైనా, ఏ వృత్తిలోనైనా అవసరమే. ఆ స్వభావం ఉపన్యాసం వింటే రాదు. వారానికి రెండు గంటలు చేతికి పని చెప్పినందువల్ల చదువు చెడిపోయే మాటైతే, ఆ చదువు ఎంత బలహీనమైనదో ఆలోచించుకోవాలి.

మూడో ఆక్షేపణ ఖర్చు. ఇది తోసిపుచ్చదగినది కాదు. విదేశాల నుండి వచ్చే కిట్ల ధర సామాన్య కుటుంబానికి భారమే. అయితే అసలు విద్య పెట్టెలో లేదు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కొయ్యతోనూ, ఏటికొప్పాక బొమ్మ అంకుడు కొయ్యతోనూ తయారవుతాయి. మెత్తని కొయ్య, పదునైన చాకు, ఉప్పుకాగితం, జిగురు, సరిగా గీసిన పటం ఉంటే పడవను మొదలుపెట్టవచ్చు. కిట్ కొన్నవానికి ఆరంభం సులభమవుతుంది. కొనలేనివానికి దారి మూసుకుపోదు.

ఇంతకన్నా ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. ఏ ఓడలకు కిట్లు ఉన్నాయి? విక్టరీకి ఉంది, వాసాకు ఉంది, ఐరోపా దేశాల ప్రసిద్ధ నౌకలెన్నింటికో ఉన్నాయి. తెలుగు తీరపు ఓడల మాట ఏమిటి? శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కంబాల ఓడ ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించి, ఓడలు దెబ్బతిని తీరానికి కొట్టుకువచ్చిన వర్తకుల సరుకును దోచుకోబోమని మాట ఇచ్చాడు. శ్రీనాథుడు హరవిలాస కావ్యాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సముద్ర వ్యాపారంలో పేరెన్నిక గన్నవాడు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి, 1839 నాటి తుఫాను ఉప్పెన ముంచెత్తేవరకు, ఓడల నిర్మాణానికీ మరమ్మతుకూ ప్రసిద్ధమైన రేవు. ఆ రేవు నుండి మారిషస్‌కు వలస వెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగివారనే పిలిచారు. మారిషస్ నేడు చేతితో చేసిన ఓడ నమూనాలకు పేరుపొందింది. కోరంగిలో కట్టిన ఓడ ఎలా ఉండేదో తెలుసుకొందామన్న తెలుగు విద్యార్థికి మాత్రం చేతిలోకి తీసుకొని చూసే నమూనా సులభంగా దొరకదు.

ఈ కొరత పాతకాలంతో ముగియలేదు. ఆంధ్ర తీరంలో కొయ్య తెప్పల స్థానాన్ని, నాటు పడవల స్థానాన్ని ఫైబర్ పడవలు ఆక్రమించాయి. బెస్తవారికి అవి తేలికగా, వేగంగా, లాభంగా ఉన్నాయి కనుక వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా, కాగితం మీద గీత గీయకుండానే కంటి అంచనాతో పడవ కట్టగల వడ్రంగుల విద్య వారితోనే అంతరించే ప్రమాదం ఉంది. ఐరోపాలో ఓడ పోయినా పటం మిగిలింది. పటం ఉన్నందువల్లనే రెండు వందల ఏండ్ల తరువాత ఒక గుమస్తా తన ఇంటి బల్ల మీద ఆ ఓడను మళ్లీ కట్టగలుగుతున్నాడు. ఇక్కడ పటం లేదు. పడవ పోతే దాని రూపమూ పోతుంది.

కనుక ఈ అభిరుచిని చేపట్టే యువతీయువకులు తొలి ఓడను కిట్ సాయంతో కట్టి, విద్యను నేర్చుకోవడం మంచిదే. రెండో ఓడకు మాత్రం ఊరి రేవుకు వెళ్లాలి. ఒడ్డున బోర్లించి ఉన్న పాత నావను టేపు పట్టి కొలవాలి. దానిని కట్టిన వృద్ధుణ్ణి వెదికి, ఏ భాగాన్ని ఏ పేరుతో పిలుస్తారో, ఏ కొయ్యను ఎందుకు వాడతారో అడిగి రాసుకోవాలి. ఆ కొలతలను పటంగా గీసి, నమూనాగా కట్టి కళాశాలలో ఉంచాలి. చరిత్ర, గణితం, భాష, చేతిపని నాలుగూ ఒక్కచోట కలిసే పాఠం ఇంతకన్నా మరొకటి ఉండదు. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్నది తెలుగు సామెత. ఓడలు మరుగున పడడం కాలధర్మం కావచ్చు. వాటి రూపాన్ని నిలుపుకోవడం మాత్రం చేయి కదిపే మనుషుల మీద ఆధారపడి ఉంది.